ఆపరేషన్ భయం: ధైర్యం చెప్పే ముందు అడగాల్సిన ప్రశ్న

రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలి వచ్చిన మనిషికి భయపడే తీరిక ఉండదు. గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు తీయించుకోవడానికో, మోకాలు మార్పించుకోవడానికో, గర్భసంచి ఆపరేషన్‌కో తేదీ తీసుకుని ఇంటికెళ్ళిన మనిషికి మాత్రం కావలసినంత తీరిక. డాక్టర్ బుధవారం అంటాడు. ఇంట్లోవాళ్ళు పంచాంగం చూసి, అమావాస్య వెళ్ళనివ్వండి అంటారు. ఈలోగా రాత్రిళ్ళు ఫోన్లో వీడియోలు, పగలు చూడ్డానికి వచ్చినవాళ్ళ కబుర్లు. వాళ్ళలో ఒక్కరైనా "మా తోడికోడలు వాళ్ళ అన్నయ్యకి ఇలాగే మత్తిచ్చారు, మళ్ళీ లేవలేదు" అనకుండా కాఫీ కప్పు కింద పెట్టరు.

ముందే తేదీ పెట్టుకున్న ఆపరేషన్లకు భయం పెరగడానికి ఈ ఎదురుచూపు ఒక పెద్ద కారణం. మనిషి తనంతట తాను నడిచి వెళ్ళి, సొంత చేత్తో సంతకం పెట్టి, స్పృహ లేకుండా పడుకోవడానికి ఒప్పుకోవాలి. పైగా చాలాసార్లు ఆ రోజుకి నొప్పి కూడా పెద్దగా ఉండదు. హెర్నియా ఉన్నాయన నిన్నటిదాకా పొలం పనికి వెళ్ళొచ్చాడు. బాగానే ఉన్న ఒంటిని అనవసరంగా కోయించుకుంటున్నానేమో అన్న అనుమానం ఒక మూల ఉండనే ఉంటుంది. ఇందులో పిరికితనం ఏమీ లేదు. ఎంతో కొంత టెన్షన్ పడేవాళ్ళే ఎక్కువ. చిక్కంతా మన చుట్టూ ఉన్నవాళ్ళు దానికి ఇచ్చే జవాబులో ఉంది. "ఏం కాదు, ధైర్యంగా ఉండు" అని భుజం తట్టి వెళ్ళిపోతారు. దేనికి భయపడుతున్నావు అని అడిగేవాళ్ళు తక్కువ. అడిగి చూస్తే, పక్కపక్క మంచాల మీద, ఒకే ఆపరేషన్ కోసం చేరిన ఇద్దరి భయాలకు పొంతనే ఉండదు. ఒకరికి పనికొచ్చిన ధైర్యం రెండోవారికి ఎందుకూ కొరగాదు.

భయం ఒంట్లో చేసే పని

మెదడు ప్రమాదాన్ని పసిగట్టగానే అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్, కార్టిసాల్ రక్తంలోకి వస్తాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, బీపీ, షుగర్ పెరుగుతాయి, నోరెండుతుంది, అరచేతులు చల్లబడతాయి. చర్మం కింద రక్తనాళాలు ముడుచుకోవడంతో సెలైన్ సూదికి నరం దొరకదు. రెండు మూడుసార్లు గుచ్చుతారు, ఉన్న భయం ఇంకాస్త పెరుగుతుంది.

బీపీ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆపరేషన్ వాయిదా పడడానికి అదో సాకు అవుతుంది. ఇంట్లో మామూలుగా ఉండే బీపీ థియేటర్ తలుపు దగ్గర ఎగబాకడం చాలామందిలో చూసేదే. బ్రిటన్‌లో మత్తు డాక్టర్ల సంఘం, బీపీ నిపుణుల సంఘం కలిసి 2016లో ఇచ్చిన సూచనల ప్రకారం, గత ఏడాది కాలంలో ఆస్పత్రి బయట కొలిచిన బీపీ 160/100 లోపు ఉన్నట్టు రికార్డు ఉంటే తేదీ మార్చనక్కర్లేదు. అలాంటి రికార్డు లేనప్పుడు కూడా ఆస్పత్రిలో 180/110 లోపు ఉంటే ముందుకు వెళ్ళవచ్చు. అంటే ఇంట్లో ప్రశాంతంగా ఉన్నప్పుడు చూసుకున్న రీడింగులను తేదీలతో ఒక కాగితం మీద రాసి ఆపరేషన్ ముందు చేసే ఫిట్‌నెస్ పరీక్షకి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్తే, ఆ కాగితం నిజంగా పనికొస్తుంది.

మత్తు మందు మోతాదుతో కూడా భయానికి లెక్క ఉంది. స్వభావరీత్యా ఆందోళన ఎక్కువగా ఉన్నవాళ్ళను నిద్రపుచ్చడానికి ప్రొపొఫాల్ అనే మత్తు ఇంజెక్షన్ ఎక్కువ అవసరమైందని అమెరికాలో 1999లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. ముందు బాగా భయపడినవాళ్ళు తర్వాత నొప్పి కూడా ఎక్కువగా చెబుతారన్నది చాలా పరిశోధనల్లో కనిపించిన సంగతి. భయమే నొప్పిని పెంచుతోందా, రెంటికీ మూలం మరొకటా అన్నది అంత తేలిగ్గా తేలదు.

కత్తికా, మత్తుకా

ఆమ్‌స్టర్‌డామ్ డాక్టర్లు 1996లో ఒక చిన్న ప్రశ్నావళి తయారుచేశారు. మొత్తం ఆరు వాక్యాలే. మత్తు గురించి ఆందోళనగా ఉంది, మత్తు గురించిన ఆలోచనే మనసులో తిరుగుతోంది, మత్తు గురించి వీలైనంత తెలుసుకోవాలని ఉంది. ఇవే మూడు వాక్యాలు మళ్ళీ ఆపరేషన్ గురించి. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. భయానికి సంబంధించిన నాలుగు వాక్యాలకు కలిపి 20కి 11 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఆ మనిషితో కూర్చుని మాట్లాడాలని అర్థం. రెండు నిమిషాల పని. దీని గొప్పతనం అంకెల్లో కాదు, మనం ఒకే ముద్దగా చూసే భయాన్ని విడదీయడంలో ఉంది: కత్తి భయం వేరు, మత్తు భయం వేరు, తెలుసుకోవాలన్న కోరిక ఈ రెండింటికీ వేరు. ఆస్పత్రిలో ఈ కాగితం ఇవ్వకపోయినా ఆ ఆరు ప్రశ్నలూ ఇంట్లోవాళ్ళే అడగవచ్చు.

అడిగితే కోత కంటే మత్తు గురించే ఎక్కువ చెప్పేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. సర్జన్‌ని రెండు మూడుసార్లు కలిసి ఉంటారు, ఆయన మీద గురి కుదిరి ఉంటుంది. మత్తు డాక్టర్ ఎవరో తెలియదు. తెలిసేది కూడా చాలాచోట్ల ముందురోజు ఐదు నిమిషాలే. మనవాళ్ళలో మత్తు చుట్టూ తిరిగే భయాలు ముఖ్యంగా నాలుగు.

మొదటిది, లేవకపోతే? జనరల్ అనస్థీషియాలో, అంటే పూర్తిగా నిద్రపుచ్చే మత్తులో, కేవలం మత్తు కారణంగా ప్రాణం పోవడం బ్రిటన్ లెక్కల ప్రకారం సుమారు లక్షకు ఒకటి. గుండెజబ్బు, పెద్ద వయసు, అత్యవసర ఆపరేషన్ అయితే ప్రమాదం పెరుగుతుంది. ఆస్పత్రిలో ఉన్న సదుపాయాలను బట్టి కూడా మారుతుంది. తోడికోడలి అన్నయ్య కథలో అసలు జబ్బు ఎంత, మత్తు ఎంత అన్నది ఎవరూ విడమరచి చెప్పరు.

రెండోది, మధ్యలో మెలకువ వస్తే? బ్రిటన్, ఐర్లాండ్ ఆస్పత్రుల నుంచి సేకరించి 2014లో బయటపెట్టిన పెద్ద నివేదికలో, తమకు మధ్యలో తెలివి వచ్చిందని తమంతట తాముగా చెప్పినవాళ్ళు సుమారు 19,000 మత్తులకు ఒకరు. జనరల్ అనస్థీషియాతో చేసే సిజేరియన్లలో మాత్రం ఇది దాదాపు 670కి ఒకటి, అది చిన్న సంఖ్య కాదు. ఆపరేషన్ తర్వాత రోగిని కూర్చోబెట్టి పనిగట్టుకుని అడిగిన పాత అధ్యయనాల్లో మొత్తం మీద కూడా ఇంతకంటే ఎక్కువే తేలింది. కాబట్టి "అలాంటిదేమీ ఉండదు" అనడం అబద్ధం. అరుదు, ముందోసారి అలా జరిగి ఉంటే మత్తు డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి అనడం సరైన జవాబు.

మూడోది తెలుగునాట ప్రతి ఇంట్లో వినిపించేది: మత్తు కోసం నడుంలో ఇంజెక్షన్ ఇచ్చారు, అప్పట్నుంచీ నడుంనొప్పి. సూది గుచ్చినచోట కొన్నాళ్ళు సలుపు ఉండవచ్చు. కొందరికి తలనొప్పి వస్తుంది, లేచి కూర్చుంటే ఎక్కువై పడుకుంటే తగ్గే రకం, దానికి వైద్యం ఉంది. ఏళ్ళ తరబడి ఉండే నడుంనొప్పికి మాత్రం ఆ సూది కారణమని పరిశోధనల్లో తేలలేదు. కాన్పు నొప్పులకు ఎపిడ్యూరల్ (నడుంలో సన్నని గొట్టం ద్వారా ఇచ్చే మత్తు) తీసుకున్న, తీసుకోని తల్లులను పోల్చినప్పుడు దీర్ఘకాలపు నడుంనొప్పిలో తేడా కనిపించలేదు. గర్భంతో కండరాలు, కీళ్ళు వదులుకావడం, తర్వాత బిడ్డను ఎత్తుకోవడం, వంగి పాలివ్వడం, ఇవన్నీ లెక్కలోకి రాకుండా నేరం సూది మీద పడింది. నరాలు దెబ్బతిని కాళ్ళు పడిపోతాయన్న భయం కూడా దీనికి తోడు. పెద్దవాళ్ళలో వెన్నుపాము దాదాపు మొదటి నడుం పూస దగ్గరే ముగుస్తుంది, సూది గుచ్చేది దానికి కింద, మూడో నాలుగో నడుం పూసల మధ్యో, ఇంకా కిందో.

నాలుగోది ఎవరూ పైకి చెప్పరు. మత్తులో నోరు జారి ఇంటి గుట్టు, పాత సంగతులు బయటపెడతానేమో! జనరల్ అనస్థీషియాలో మాట్లాడే వీలే లేదు. మెలకువ వచ్చేటప్పుడు నాలుగు పొంతన లేని మాటలు అంటారు, వాటిని థియేటర్‌లో ఎవరూ పట్టించుకోరు.

హైదరాబాద్ క్లోరోఫామ్ కథ

నిజానికి ఒకప్పుడు మత్తు గురించి భయపడడానికి గట్టి కారణమే ఉండేది, ఆ కథలో మన ఊరు కూడా ఉంది. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో ఈథర్ అనే మందు ఆవిరితో మత్తిచ్చి అందరి ముందూ ఆపరేషన్ చేశారు. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో డాక్టర్ సింప్సన్ క్లోరోఫామ్ అనే మరో మత్తుమందు వాడడం మొదలుపెట్టాడు. 1848 జనవరిలో ఇంగ్లాండ్‌లోని న్యూకాజిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి, కాలిగోరు తీయడానికి ఇచ్చిన క్లోరోఫామ్‌తో నిమిషాల్లో చనిపోయింది. ఆ తర్వాత ఇలాంటి మరణాలు వస్తూనే ఉన్నాయి. విచిత్రం ఏమిటంటే పోయినవాళ్ళలో చాలామంది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు, చిన్న ఆపరేషన్‌కి వచ్చి బాగా బెదిరిపోయినవాళ్ళు. అదీ మత్తు మొదలైన కాసేపటికే.

ఆగేది ముందు శ్వాసా, గుండా? దీని మీద డాక్టర్లు రెండు వర్గాలయ్యారు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో రెసిడెన్సీ (బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయం) సర్జన్ ఎడ్వర్డ్ లారీ, శ్వాసను కనిపెట్టుకుని ఉంటే క్లోరోఫామ్ ప్రమాదమే కాదని గట్టిగా నమ్మాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బు ఇవ్వగా 1888లో, మళ్ళీ 1889లో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు జంతువుల మీద ప్రయోగాలు చేశాయి. రెండో కమిషన్‌కి లాన్సెట్ అనే వైద్య పత్రిక లండన్ నుంచి డాక్టర్ లాడర్ బ్రంటన్‌ని పంపింది. ఇదే హైదరాబాద్ వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా పేరు తెచ్చుకున్నారు. కమిషన్ మాట లారీ మాటే అయింది: ఆగేది శ్వాస, గుండె కాదు.

ఆ మాట సగమే నిజమని 1911లో లండన్‌లో డాక్టర్ గుడ్‌మన్ లెవీ తేల్చాడు. పిల్లులకు పైపైన క్లోరోఫామ్ ఇచ్చి, అదే సమయంలో అడ్రినలిన్ ఎక్కించాడు. గుండె లయ తప్పి, అదిరి, ఆగిపోయింది. భయపడిన మనిషి ఒంట్లో ఊరేదీ అడ్రినలినే. మత్తు ఇంకా పూర్తిగా ఎక్కని ఆ మొదటి నిమిషాల్లో, బెదిరిన రోగిని చంపడంలో భయానికీ చేయి ఉండేదన్నమాట. "భయపడితే థియేటర్లోనే గుండె ఆగిపోతుంది" అన్న మాట ఇప్పటికీ వింటుంటాం. క్లోరోఫామ్ రోజుల్లో అందులో నిజం ఉంది. క్లోరోఫామ్ ఎప్పుడో పోయింది. ఇప్పటి మందులకు అడ్రినలిన్‌తో అంత వైరం లేదు. వేలికి పెట్టే క్లిప్పు రక్తంలో ఆక్సిజన్‌ని, మరో యంత్రం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ని క్షణక్షణం చూపిస్తుంటాయి. గుండె, శ్వాస రెండిటి మీదా కన్ను ఉంటుంది కనుక లారీ నాటి తగాదాకి ఇప్పుడు చోటు లేదు.

ఎంత చెప్పాలి, ఎవరికి చెప్పాలి

బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ డాక్టర్ ఎగ్బర్ట్, ఆయన సహచరులు 1963లో ఒక సంగతి గమనించారు. ఆపరేషన్‌కి ముందు నిద్రమందు ఇంజెక్షన్ మాత్రమే తీసుకున్నవాళ్ళు మగతగా ఉన్నారు, ప్రశాంతంగా ఉన్నారని మాత్రం చెప్పలేకపోయారు. మత్తు డాక్టర్ వచ్చి మాట్లాడి వెళ్ళినవాళ్ళు ప్రశాంతంగా ఉన్నారు. మరుసటి ఏడాది పొట్ట ఆపరేషన్ చేయించుకునే 97 మందిని తీసుకుని, సగం మందికి నొప్పి ఎక్కడ వస్తుందో, ఎందుకు వస్తుందో, కండరాలు ఎలా వదులు చేసుకోవాలో, పక్కకి ఎలా తిరగాలో చెప్పారు. మిగతావాళ్ళకి చెప్పలేదు. విన్నవాళ్ళకు నొప్పి మందు దాదాపు సగమే సరిపోయింది. ఎవరికి చెప్పారో సర్జన్లకు తెలియదు, అయినా విన్నవాళ్ళనే సగటున 2.7 రోజులు ముందు ఇంటికి పంపారు. అరవై ఏళ్ళు దాటింది. మన కార్పొరేట్ ఆస్పత్రుల బిల్లుల్లో ఎన్ని వరుసలున్నా ఈ మాటల ఖరీదు ఒక్క వరుసలోనూ కనిపించదు.

అలాగని అందరికీ అన్నీ గుమ్మరించమని కాదు. కొందరు ప్రతి చిన్న విషయం తెలిస్తేనే కుదుటపడతారు. కొందరు "మీరు చూసుకోండి, నాకు చెప్పకండి" అంటారు. అమెరికా మనస్తత్వవేత్త సుజాన్ మిల్లర్ 1983లో ఒక స్త్రీ వ్యాధుల పరీక్షకు వచ్చినవాళ్ళ మీద చేసిన అధ్యయనంలో, స్వభావానికి తగినంత సమాచారం అందినవాళ్ళే తేరుకున్నారు. వద్దన్నవాళ్ళకి ఎక్కువ చెప్పడం, కావాలన్నవాళ్ళకి తక్కువ చెప్పడం రెండూ బెడిసికొట్టాయి. "అన్నీ వివరంగా చెప్పమంటారా, అవసరమైనవి చాలా?" అని మొదటే అడిగేస్తే సగం పని అయిపోతుంది.

మన దగ్గర ఈ ప్రశ్న రోగిదాకా రాదు. "అటెండెంట్ ఎవరండీ?" అని పిలిచి, కొడుకునో అల్లుణ్ణో వరండాలోకి తీసుకెళ్ళి చెబుతారు. "నాన్నకి ఇవన్నీ చెప్పకండి, తట్టుకోలేరు" అని కొడుకే బతిమాలతాడు. ప్రేమతోనే. లోపల మంచం మీద ఉన్నాయనకి తలుపు అద్దంలోంచి కొడుకు ముఖం కనిపిస్తూనే ఉంటుంది. ఆ ముఖం చూసి ఆయన ఊహించుకునేది, డాక్టర్ చెప్పినదానికంటే ఎప్పుడూ పెద్దదే. చట్టం కూడా దీనికి ఒప్పుకోదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, పరీక్ష కోసమని మత్తిచ్చిన మహిళకు, ఆమె తల్లిని అడిగి గర్భసంచి తీసేయడం చెల్లదని చెప్పింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప, వయసొచ్చిన మనిషి తరఫున ఇంట్లోవాళ్ళ అనుమతి సరిపోదు. ఆ అనుమతికి ముందు జబ్బేమిటో, వైద్యమేమిటో, ప్రమాదాలేమిటో, వేరే దారులేమిటో చెప్పి ఉండాలి.

చెప్పేటప్పుడు ఏం చేస్తారో కంటే ఏం తెలుస్తుందో చెప్పడం ఎక్కువ ఉపయోగం. నడుంలో మందు ఇచ్చాక కాళ్ళు వెచ్చబడి బరువెక్కుతాయి, కొన్ని గంటలు కదలవు. ఇది ముందు తెలియనివాళ్ళు కాళ్ళు పోయాయని హడలిపోతారు. లోపల కదుపుతున్నట్టు, లాగుతున్నట్టు తెలుస్తుంది, నొప్పి ఉండదు. డాక్టర్ల మాటలు వినిపిస్తాయి. థియేటర్లో చలి. ప్రొపొఫాల్ ఎక్కిస్తుంటే చెయ్యి మండవచ్చు. మెలకువ వచ్చాక గొంతు గరగర. శుక్లం ఆపరేషన్‌లో మెలకువగానే ఉంటారు. ఆ కంటికే వెలుగులు, రంగులు కదులుతూ కనిపించవచ్చు, మందు పనిచేయలేదని కంగారు పడనక్కర్లేదు. ఆ సమయంలో పక్కన నర్సు చెయ్యి పట్టుకుంటే ఆందోళన తగ్గుతుందని కూడా పరిశోధనల్లో చూశారు.

ఇంకో సంగతి. స్ట్రెచర్ మీద వెళ్తుంటే ఒకరి తర్వాత ఒకరు పేరేంటి, ఏ ఆపరేషన్, ఏ వైపు అని అడుగుతారు. "నేనెవరో కూడా వీళ్ళకి తెలీదా" అని గుండె జారుతుంది. అది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్టు. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో దాన్ని వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఎవరూ అడగకపోతేనే భయపడాలి.

మాత్ర, పాట, దాహం, డబ్బు

ముందురోజు రాత్రి ఒక నిద్రమాత్ర వేసుకుంటే సరిపోదా అంటారు. ఫ్రాన్స్‌లో 1,062 మందితో చేసి 2015లో ప్రచురించిన పరీక్షలో, ఆపరేషన్‌కి ముందు లొరాజెపామ్ అనే ఆందోళన తగ్గించే మాత్ర ఇచ్చినవాళ్ళ సంతృప్తి ఇవ్వనివాళ్ళ కంటే ఏమీ పెరగలేదు. పైగా శ్వాసగొట్టం తీయడం ఆలస్యమైంది, తెలివిగా తేరుకోవడమూ ఆలస్యమైంది. మాత్రకు అసలు చోటే లేదని కాదు, మరీ వణికిపోతున్నవాళ్ళకి మత్తు డాక్టర్ ఆలోచించి ఇస్తారు. అందరికీ అలవాటుగా ఇవ్వడం మానేయాలి. పాటలైతే నష్టం లేని మందు: 26 అధ్యయనాలను, 2,051 మందిని కలిపి 2013లో చేసిన సమీక్షలో సంగీతం విన్నవాళ్ళ ఆందోళన తగ్గింది. ఇళయరాజా అయినా అన్నమయ్య అయినా, ఇయర్‌ఫోన్స్ అనుమతిస్తారో లేదో ముందే కనుక్కోండి.

దాహం గురించి. "రాత్రి పది తర్వాత మంచినీళ్ళు కూడా ముట్టొద్దు" అన్న మాట ఇంకా వినిపిస్తుంది. ఇప్పటి ప్రమాణాల ప్రకారం మామూలు పెద్దవాళ్ళు మత్తుకి రెండు గంటల ముందు దాకా మంచినీళ్ళు తాగవచ్చు. తేలికపాటి భోజనానికి ఆరు గంటలు, నూనె పదార్థాలకు ఎనిమిది గంటలు ఆగాలి. షుగర్ ఎక్కువకాలంగా ఉండి కడుపు నెమ్మదిగా ఖాళీ అయ్యేవాళ్ళకి, గర్భిణులకు లెక్క వేరు. ఎండిన నాలుకతో మధ్యాహ్నం దాకా పడుకుంటే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. మీ వంతు ఎన్నింటికో, నీళ్ళు ఎప్పటిదాకా తాగవచ్చో అడగండి.

పిల్లల విషయం వేరే వ్యాసమంత. ఒక్కటి చెబుతాను: భయపడే పిల్లాడి పక్కన నిబ్బరంగా ఉండే అమ్మో నాన్నో ఉంటే మేలు, ఏడుస్తున్న పెద్దవాళ్ళు ఉంటే ఆ మేలు దక్కదు. ఇద్దరిలో ఎవరు లోపలికి వెళ్ళాలో ఇంట్లోనే తేల్చుకోండి.

మంచం మీద ఉన్న మనిషి ఎక్కువగా దాచే భయం డబ్బుది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, ఇప్పుడు ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవగా, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీగా నడుస్తున్న పథకాలు చాలామందిని అప్పుల నుంచి కాపాడాయి. అయినా "అప్రూవల్ వచ్చిందా" అన్న ప్రశ్నతోనే చాలా రాత్రులు తెల్లారతాయి. ఈ భయానికి మత్తు డాక్టర్ దగ్గర మందు లేదు. ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్ళి ఏది పథకంలో ఉంది, ఏది జేబులోంచి పెట్టాలి అని తేల్చుకుని, ఆ మాట రోగికే చెప్పాలి. ఇంట్లో వంటెవరు చేస్తారు, గేదె పాలెవరు పితుకుతారు అన్న దిగులు కూడా భయం లెక్కలోదే. ఆడవాళ్ళలో కత్తి భయం కంటే ఇది ముందు నిలబడడం అరుదేమీ కాదు.

మత్తు డాక్టర్‌తో మాట్లాడే ఆ ఐదు నిమిషాల్లో దాచకూడనివి కొన్ని ఉన్నాయి. తాగే అలవాటు, పొగ, గుట్కా, రోజూ వేసుకునే మాత్రలు, నాటు మందులు, గతంలో మత్తుతో వచ్చిన ఇబ్బంది. మందు తాగుతానని భార్య ముందు చెప్పలేకపోతే ఆమెను కాసేపు బయట ఉండమనండి. రోజూ తాగేవాళ్ళకి హఠాత్తుగా ఆగిపోతే ఆపరేషన్ తర్వాత వణుకు, మతిభ్రమ రావచ్చు. మానసిక సమస్యలకు వాడుతున్న మాత్రలను సొంతంగా ఆపకండి. రోజుల తరబడి నిద్ర, తిండి లేకపోయినా, ఊపిరాడనట్టు భయం ముంచుకొస్తున్నా, ఆ మాట కూడా అక్కడే చెప్పండి. అవసరమైతే మానసిక వైద్యుల దగ్గరికి పంపుతారు.

ఇక సంతకం. పెట్టేశాం కదా, ఇప్పుడు వద్దంటే డాక్టర్‌కి కోపం వస్తుందేమో, కట్టిన డబ్బు పోతుందేమో అని నోరు మెదపకుండా స్ట్రెచర్ ఎక్కేవాళ్ళు ఉన్నారు. మత్తు ఇచ్చేదాకా ఎప్పుడైనా అనుమతి వెనక్కి తీసుకోవచ్చు. వాయిదా వేస్తే జబ్బుకి ఏమవుతుందో అడిగి, రెండో డాక్టర్ సలహా తీసుకుని, ఇంకో తేదీకి రావచ్చు. హెర్నియా, శుక్లం, మోకాలు లాంటివి ఎక్కువ సందర్భాల్లో కొన్ని రోజులు ఆగగలవు. క్యాన్సర్ అయితే ఆగడం మంచిది కాకపోవచ్చు, ఆ తేడా మీ సర్జనే చెప్పాలి.